హెచ్‌ఆర్‌లో తొలి అడుగు ఎటు వేయాలి?

ఎంబీఏలో స్పెషలైజేషన్ ఎంచుకోవాల్సిన రోజు వచ్చినప్పుడు చాలామంది చెప్పే కారణం ఒకటే: ‘నాకు నలుగురితో మాట్లాడటం ఇష్టం, అందుకే హెచ్‌ఆర్ తీసుకున్నాను.’ లెక్కలంటే భయపడి ఫైనాన్స్ వద్దనుకున్నవారూ, ఊళ్లు తిరగలేమని మార్కెటింగ్ వదులుకున్నవారూ చివరికి ఇటే వస్తుంటారు. వచ్చాక అసలు సంగతి తెలుస్తుంది. ఇక్కడా లెక్కలున్నాయి, తిరుగుడూ ఉంది. మాట్లాడటం కంటే వినడం ఎక్కువ. విన్నదాన్ని కడుపులో దాచుకోవడం ఇంకా ఎక్కువ.

అంతమాత్రాన ఈ రంగానికి దూరంగా ఉండమని కాదు. మనసు పెట్టి చేస్తే ఇంత తృప్తినిచ్చే ఉద్యోగాలు తక్కువ. అయితే తొలి రెండు మూడేళ్లు ఎక్కడ పనిచేశారన్నది మీ వృత్తి జీవితాన్నంతా ప్రభావితం చేస్తుంది. అందుకే గట్టిగా చెబుతున్నాను. విజిటింగ్ కార్డు మీద హోదా, ఆఫీసు ఉన్న అద్దాల మేడ చూసి మొదటి కొలువు ఎంచుకోకండి. మీరు చేసిన పని ఒక మనిషి జీతంలో, సెలవులో, కుటుంబ భద్రతలో కనిపించాలి. పొరపాటు జరిగితే ఆ మనిషి నేరుగా వచ్చి ‘ఇదేంటండీ ఇలా చేశారు?’ అని అడగగలగాలి. అలాంటి కుర్చీని వెతుక్కోండి.

ఈ ఉద్యోగం ఎందుకు పుట్టింది?

వందేళ్ల కిందట మన దేశంలోని మిల్లుల్లో కార్మికులను పనిలో పెట్టుకునే అధికారం జాబర్ల చేతిలో ఉండేది. దక్షిణాదిలో వాళ్లనే మేస్త్రీలనేవారు. పని కావాలంటే వాళ్ల చేయి తడపాలి. సెలవు మీద వెళ్లి వచ్చినవాడు మళ్లీ పనిలో చేరాలన్నా తడపాల్సిందే. 1929లో ఏర్పాటైన కార్మిక రాయల్ కమిషన్ 1931లో నివేదిక ఇస్తూ ఈ పద్ధతిని తప్పుపట్టింది. నియామకాలను జాబర్ల నుంచి తప్పించి, యాజమాన్యానికి నేరుగా జవాబుదారీగా ఉండే లేబర్ ఆఫీసర్లకు అప్పగించాలని సూచించింది. ఆ తర్వాత 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 500 మంది, అంతకు మించి కార్మికులున్న కర్మాగారంలో సంక్షేమ అధికారి ఉండాలని నిర్దేశించింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత కోడ్ ఆ సంఖ్యను 250కి తగ్గించింది.

మనుషుల ఎదుగుదల అన్న ఆలోచన మరికొంత కాలానికి జత కలిసింది. 1970ల మధ్యలో ఐఐఎం అహ్మదాబాద్ ఆచార్యులు ఉదయ్ పరీక్, టి.వి.రావు సూచనలతో ఎల్ అండ్ టీ సంస్థ మానవ వనరుల అభివృద్ధికి ప్రత్యేక విభాగం నెలకొల్పింది. మన దేశంలో ఈ బాటలో తొలి అడుగుగా దాన్నే చెప్పుకొంటారు.

ఈ చరిత్ర పరీక్షలో మార్కుల కోసం కాదు. నియామకంలో లంచం, పక్షపాతం లేకుండా చూడటానికి, కార్మికుడి కష్టం వినడానికి ఒక మనిషి అవసరమై ఈ కుర్చీ పుట్టింది. రంగోలీ పోటీలు, బర్త్‌డే కేకులు తర్వాత వచ్చిన హంగులు. పునాది ఏమిటో తెలిసినవారికి తొలి కొలువు ఎంచుకోవడం తేలికవుతుంది.

మీ ముందున్న మూడు దారులు

మొదటిది రిక్రూట్‌మెంట్. హైదరాబాద్‌లో కొత్తవారికి త్వరగా దొరికేది ఇదే. పగలు ఇక్కడి కంపెనీలకు మనుషులను వెతికిపెట్టే కన్సల్టెన్సీలున్నాయి. రాత్రి షిఫ్టులో అమెరికా క్లయింట్లకు ఐటీ నిపుణులను చూపించే ఆఫీసులూ బోలెడు. ఇక్కడ మీకు రెండు విద్యలు అబ్బుతాయి. ఒకటి, ముక్కూమొహం తెలియని మనిషితో పది నిమిషాల్లో నమ్మకంగా మాట్లాడటం. రెండోది, ‘వద్దు’ అన్న మాట విని కుంగిపోకుండా తర్వాతి ఫోన్ కలపడం. నెలంతా వెంటపడి ఆఫర్ లెటర్ ఇప్పించిన అభ్యర్థి, చేరాల్సిన సోమవారం ఉదయం ఫోన్ స్విచాఫ్ చేస్తాడు. ఆ రోజు మీరు క్లయింట్‌కు ఏం చెబుతారన్నది మీ వ్యక్తిత్వానికి పరీక్ష. నిజం చెప్పి, మరొకరిని చూపించడానికి గడువు అడిగేవారు నిలబడతారు. దొంగ అనుభవ పత్రాలని తెలిసీ కళ్లు మూసుకుంటే ఆ నెల టార్గెట్ గట్టెక్కుతుందేమో కానీ, మీ పేరు మాత్రం పోతుంది.

ఈ దారిలో ఒక లోటుంది. మనిషి చేరిన తర్వాత ఏమయ్యాడో మీకు కనిపించదు. ఏళ్ల తరబడి సోర్సింగ్, స్క్రీనింగ్ మాత్రమే చేస్తే హెచ్‌ఆర్ పేరుతో అమ్మకాల పని చేసినట్టే అవుతుంది. కాబట్టి ఇక్కడ మొదలుపెట్టినా ఇక్కడే ఆగిపోకండి.

రెండోది ఫ్యాక్టరీ హెచ్‌ఆర్. పాశమైలారం, జీడిమెట్ల, పరవాడ, అచ్యుతాపురం, శ్రీసిటీ లాంటి పారిశ్రామిక ప్రాంతాల్లో ఈ ఉద్యోగాలుంటాయి. నగరంలో పెరిగిన పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు ఈ మాట వినగానే ముఖం చిట్లిస్తారు. కానీ ఈ వృత్తి మూలాలు దగ్గరగా కనిపించేది ఇక్కడే. టైమ్ ఆఫీసులో హాజరు లెక్కలు, కాంట్రాక్టర్ తెచ్చిన మనుషుల గుర్తింపు పత్రాలు, క్యాంటీన్‌లో సాంబారు బాగాలేదన్న గొడవ, యూనియన్ నాయకులతో వేతన ఒప్పందం చర్చలు... ఇవన్నీ ఒకే వారంలో మీ ముందుకొస్తాయి. ఒడిశా నుంచో, బిహార్ నుంచో వచ్చిన కుర్రాడికి సగం హిందీలో, సగం సైగల్లో ఈఎస్‌ఐ కార్డు ఎందుకో వివరించాలి.

ఎప్పుడో ఒక రాత్రి ప్రమాదం జరుగుతుంది. గాయపడిన కార్మికుడిని అంబులెన్స్ ఎక్కించాక, ఇంటికి ఫోన్ చేయాల్సింది మీరే. అవతల భార్యో, తండ్రో ఉంటారు. ఏ ఆసుపత్రికి తీసుకెళ్లారో స్పష్టంగా చెప్పాలి. లేని ధైర్యం నూరిపోయకూడదు, లేని భయం పెట్టకూడదు. వాళ్లు వచ్చేదాకా అక్కడే ఉండాలి. ఆ బాధ్యతను నిలబడి మోసినవారికి మాట విలువ ఏమిటో కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు.

మూడోది పేరోల్, హెచ్‌ఆర్ ఆపరేషన్స్. ‘అదా, డేటా ఎంట్రీ’ అని తీసిపారేసే పని ఇది. నిజానికి ఉద్యోగికి, సంస్థకు మధ్య నమ్మకం పుట్టేది ఇక్కడే. ఒక ఉదాహరణ చూడండి. పన్నెండేళ్ల ఏడు నెలలు పనిచేసిన ఉద్యోగి రాజీనామా చేశాడు. ఆఖరి నెల బేసిక్, డీఏ కలిపి 26,000 రూపాయలు. గ్రాట్యుటీ లెక్కకు దాన్ని 26తో భాగించాలి. రోజుకు వెయ్యి రూపాయలు. ఏడాదికి 15 రోజుల చొప్పున 15,000. పన్నెండేళ్లకని గుణిస్తే 1,80,000 వస్తుంది. అయితే చివరి ఏడాదిలో ఆరు నెలలు దాటితే దాన్ని పూర్తి సంవత్సరంగా లెక్కించాలన్నది నిబంధన. అంటే పదమూడేళ్లు, రావాల్సింది 1,95,000. ఆ ఒక్క నిబంధన మీకు తెలియకపోతే అతడి చేతికి 15,000 రూపాయలు తక్కువగా అందుతాయి. అతడికీ తెలియకపోతే ఆ తప్పు ఎప్పటికీ బయటపడదు. అందుకే ఈ పనిలో శ్రద్ధ అంటే నిజాయతీయే.

మరో చిక్కు మన తెలుగువారికి బాగా తెలిసిందే. పీఎఫ్ ఖాతాలో ‘కె.వెంకటేశ్వర్లు’ అని ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా రాసి, చివర ‘వెంకటేశ్వర రావు’ అని ఉంటుంది. కూతురి పెళ్లికి పెట్టుకున్న క్లెయిమ్ కాస్తా తిరస్కరణకు గురవుతుంది. అప్పుడు జాయింట్ డిక్లరేషన్ ఎలా నింపాలో, ఏ పత్రం జత చేయాలో ఓపిగ్గా చెప్పి, పని అయ్యేదాకా వెంటపడిన హెచ్‌ఆర్‌ను ఆ కుటుంబం మర్చిపోదు.

శిక్షణ, వేతన విధానాల రూపకల్పన, హెచ్‌ఆర్ అనలిటిక్స్ లాంటి విభాగాలు ఆకర్షణీయంగా ఉంటాయి. వాటిలోకి తర్వాత వెళ్లవచ్చు. షాపు ఫ్లోరుగానీ, జీతాల పట్టికగానీ చూడకుండా నేరుగా అక్కడికి వెళ్తే, ఎవరి కోసం విధానం రాస్తున్నారో తెలియకుండానే రాయాల్సి వస్తుంది.

చట్టం తెలిసిన మాటకు బలం ఎక్కువ

మంచి మనసొక్కటే ఈ వృత్తికి చాలదు. హక్కు ఏమిటో తెలియని హెచ్‌ఆర్ ఎంత తియ్యగా మాట్లాడినా ఉద్యోగికి ఒరిగేది లేదు. 29 కేంద్ర కార్మిక చట్టాలను కలిపి రూపొందించిన నాలుగు కోడ్‌లు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. నిర్ణీత కాల ఒప్పందం మీద పనిచేసేవారు ఏడాది సర్వీసుతోనే గ్రాట్యుటీకి అర్హులవుతారు. జీతంలో అలవెన్సుల వాటా సగం దాటితే, దాటిన మొత్తాన్ని వేతనంలోనే కలిపి లెక్కించాలి. ఏళ్ల అనుభవమున్న మేనేజర్లు కూడా ఇప్పుడు మళ్లీ పుస్తకం తెరిచి చదువుకుంటున్నారు. కొత్తగా వచ్చేవారికి ఇంతకంటే మంచి అదను ఉండదు. సీనియర్లతో సమానంగా మీరూ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టవచ్చు.

రోజుకు అరగంట కేటాయించండి. ప్రసూతి సెలవు 26 వారాలు ఎవరికి వర్తిస్తుంది? పది మంది ఉన్న ఏ ఆఫీసులోనైనా లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలని 2013 నాటి చట్టం చెబుతోంది కదా, అందులో ఎవరెవరు ఉండాలి? ఇలాంటి ప్రశ్నలు రాసుకుని, మూలంలో జవాబు వెతకండి. వాట్సాప్‌లో వచ్చిన సారాంశాలను నమ్ముకోవద్దు.

అలవరచుకోవాల్సిన మూడు గుణాలు

రహస్యం దాచడం మొదటిది. ఎవరి జీతమెంత, ఎవరి మీద ఫిర్యాదు వచ్చింది, ఎవరి ఇంట్లో ఏ కష్టముంది... ఇవన్నీ మీ బల్ల మీదికి వస్తాయి. టీ దగ్గర స్నేహితుడితో నోరు జారిన ఒక్క మాట చాలు, రేపటి నుంచి ఎవరూ మీ గదిలోకి రారు.

సరిగ్గా ‘కాదు’ అనడం రెండోది. సెలవు ఇవ్వలేకపోవచ్చు, ప్రమోషన్ రాకపోవచ్చు. ఆ సంగతి మెయిల్‌లో పడేసి తప్పుకోకండి. ఎదురుగా కూర్చోబెట్టుకుని నిర్ణయం ఏమిటో, కారణం ఏమిటో, మళ్లీ ఎప్పుడు అడగవచ్చో చెప్పండి. ‘చూద్దాం లెండి’ అని నాన్చడం దయ కాదు, వాళ్లను ఆశపెట్టి తిప్పించుకోవడం.

పైవారికి నిజం చెప్పడం మూడోది. కాంట్రాక్టర్ ఓవర్‌టైమ్ డబ్బులు ఎగ్గొడుతున్నాడని తెలిసినప్పుడు మేనేజర్ దగ్గర నోరు మెదపని హెచ్‌ఆర్ ఆ పాత మేస్త్రీకంటే ఏమంత మెరుగు? కొత్తగా చేరినవారికి ఎదురు మాట్లాడే ధైర్యం ఒక్కరోజులో రాదు. అందుకే ఆధారాలతో వెళ్లడం నేర్చుకోండి. హాజరు పట్టీ, చెల్లింపు రసీదు పక్కపక్కన పెట్టి, ‘సార్, ఇందులో ఇంత తేడా ఉంది’ అని వినయంగా చూపించండి. కాగితం పలికినప్పుడు చిన్నవారి మాటకూ విలువ వస్తుంది.

ఆఫర్ వచ్చిందా? ఇవి అడగండి

ఇంటర్వ్యూ చివర ‘మీరేమైనా అడుగుతారా?’ అన్నప్పుడు ‘లేదండీ’ అని లేచి వచ్చేయకండి. మొదటి ఏడాది నేను ఏయే పనులు చూస్తాను? ఉద్యోగులు తమ సమస్యలతో నేరుగా నా దగ్గరకు వస్తారా? పేరోల్, చట్టపరమైన రిటర్నులు చూసే అవకాశం ఉంటుందా? నాకు పని నేర్పేది ఎవరు? ఈ నాలుగింటికి వచ్చే జవాబులు జీతం అంకెకంటే ఎక్కువ సంగతులు చెబుతాయి. నెలకు రెండు మూడు వేలు తక్కువైనా పని నేర్పే సీనియర్ దొరికిన చోటు మేలు. ఇంటి పరిస్థితి వల్ల జీతమే ముఖ్యమైతే దాన్నే ఎంచుకోండి, అందులో చిన్నతనమేమీ లేదు. కాకపోతే లేని నేర్పును సాయంత్రాలు చదువుకుని పూరించుకోండి.

అమ్మాయిలు ఫ్యాక్టరీకి పనికిరారన్న మాటను ఇంట్లో ఎవరైనా అంటే నెమ్మదిగా కాదనండి. వందలమంది మహిళలు పనిచేసే ప్యాకింగ్, అసెంబ్లీ విభాగాల్లో తమ ఇబ్బంది చెప్పుకోవడానికి ఒక మహిళా హెచ్‌ఆర్ ఉంటే ఎంత ఊరటో ఆ కార్మికులకు తెలుసు. రవాణా, షిఫ్టు వేళలు, భద్రత గురించి సంస్థను ముందే సూటిగా అడిగి, అమ్మానాన్నలకు ఆ వివరాలు చెప్పండి. వాళ్ల భయానికి సరైన సమాధానం అదే.

రెండు మూడేళ్లు ఇలా గడిపాక, ఎటు వెళ్లాలో మీకే అర్థమవుతుంది. మనుషులను పసిగట్టడంలో మీకు నేర్పు ఉందని తేలితే నియామకాల వైపు, చర్చల్లో ఓర్పు ఉంటే కార్మిక సంబంధాల వైపు, అంకెల్లో ఆసక్తి పుడితే వేతనాల వైపు నడవండి. ఏ దారి పట్టినా, మీ దగ్గరికి వచ్చిన ప్రతి ఉద్యోగికీ రావాల్సింది పూర్తిగా అందేలా, చెప్పాల్సింది నిజంగా చెప్పేలా పనిచేయండి. హెచ్‌ఆర్‌లో పేరు తెచ్చేదీ, పైకి తీసుకెళ్లేదీ ఆ అలవాటే. దాన్ని మొదటి నెల జీతాల పట్టిక దగ్గరే మొదలుపెట్టండి.