ఆర్క్ దీపం నుండి విశ్వకిరణాల వరకు

ఫిలింనగర్ పేరు వినగానే మనకు తారలు గుర్తుకు వస్తారు. మేము ఇక్కడ ముచ్చటించదలచినది ఆ తారలను గురించి కాదు, వారిపై వెలుగు కురిపించిన దీపాన్ని గురించి. వెనుకటి స్టూడియోలలో వాడిన ఆర్క్ లైటులో, రెండు కర్బన కడ్డీల నడుమ గాలి అయాన్లుగా, ఎలక్ట్రాన్లుగా విడిపోయి మండేది. పదార్థానికి ఈ నాలుగవ స్థితినే ప్లాస్మా అంటారు.

ఆర్క్ దీపంలోని కణాలు అడుగడుగునా ఢీకొంటాయి. ఒకదానికి దక్కిన శక్తి క్షణంలో ఇరుగుపొరుగుకు పంపిణీ అవుతుంది, అక్కడ కోటీశ్వరులుండరు. అంతరిక్షంలో తీరు వేరు. సెకనుకు సుమారు 400 కిలోమీటర్ల వేగంతో వీచే సౌరపవనంలో, భూమి చెంత ఘన సెంటీమీటరుకు నాలుగైదు ప్రోటాన్లే ఉంటాయి. ఒకటి మరొకదానిని ఢీకొనడానికి దాదాపు 15 కోట్ల కిలోమీటర్లు, అనగా సూర్యునికీ భూమికీ గల దూరమంత పోవలసి ఉంటుంది! అట్లయిన శక్తి చేతులు మారుట ఎట్లు?

ఆ పని అయస్కాంత క్షేత్రం చేస్తుంది. వరద నాటి ఏటిలో పెద్ద సుడులు చీలి చిన్న సుడులైనట్లు, ప్లాస్మా ప్రవాహం సంక్షుబ్ధమై, దాని శక్తి సూక్ష్మ తరంగాలకు దిగివచ్చి కణాలకు అందుతుంది. కదిలే అయస్కాంత మేఘాలను తాకి కణాలు వెనుదిరుగుతాయని 1949లో ఎన్రికో ఫెర్మీ ఊహించారు. ఎదురు వచ్చే మేఘం శక్తినిస్తుంది, ముందు పోయే మేఘం లాగుకొంటుంది. ఎదురుపాట్లే అధికం కనుక కొద్ది లాభం మిగులుతుంది. పేలిన నక్షత్రపు ఆఘాత తరంగం వద్దనైతే ప్రతి రాకపోకా లాభమేనని 1977-78లో పలువురు శాస్త్రజ్ఞులు చూపారు. విడతకు నూటికి ఒక వంతు పెరిగినా, 70 విడతలలో శక్తి రెట్టింపు! అయితే ప్రతి విడతలోనూ కొన్ని కణాలు జారిపోతాయి. చివరిదాకా నిలిచిన కొద్దిపాటివే విశ్వకిరణాలు.

భూ అయస్కాంత మధ్యరేఖకు చేరువనున్న మన హైదరాబాదుపై నిలువుగా దిగే ప్రోటానుకు సుమారు 1,700 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉండాలి. అంతకు తక్కువ వాటిని భూమి క్షేత్రమే మళ్లిస్తుంది. టాటా సంస్థ బెలూన్ కేంద్రం ఈ నగరంలో వెలయడం వెనుక ఈ సౌకర్యం కూడా కలదు.

అసలు చిక్కు మొదటి మెట్టు వద్ద ఉన్నది. ఇప్పటికే వేగం గల కణమే ఈ ఆటలో చేరగలదు. వేషం దొరకాలంటే అనుభవం కావాలి, అనుభవానికి వేషం కావాలి. కృష్ణానగర్‌లో ఎదురుచూసే యువకులకు ఈ సమస్యను మేము వివరించనక్కరలేదు. సామాన్య కణాల గుంపు నుండి ఏది, ఎట్లు ఎన్నికవుతుందో ఇంకను పూర్తిగా తేలలేదు. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుండి బయలుదేరిన ఆదిత్య-ఎల్1లో ఒక పరికరం 20 వేల ఎలక్ట్రాన్ వోల్టుల వరకు గల సామాన్య అయాన్లను లెక్కించగా, మరొకటి అక్కడినుండి పైవాటిని లెక్కిస్తుంది. ఆ ఎన్నిక జరిగేది ఈ రెండింటి సరిహద్దు ప్రాంతంలోనే.