హెడ్‌సెట్ పెట్టే ముందు

చి॥ శ్రావణికి,

మీ పిల్లల వార్డుకు ఎవరో దాత వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ ఇచ్చారనీ, కాలిన గాయాలకు కట్టు మార్చేటప్పుడు వాడదామంటే కొందరు అది ఆటబొమ్మ అని కొట్టిపారేస్తున్నారనీ రాశావు. ఇది నిజంగా నొప్పి తగ్గిస్తుందా, పిల్లల్ని ఏమార్చడమేనా అని అడిగావు. తగ్గిస్తుంది. కాకపోతే ఎందుకు తగ్గిస్తుందో ఎరిగి వాడాలి.

ఒళ్ళు కాలడం ఒక్కసారే. ఆ తర్వాత కట్టు విప్పడం, కడగడం, మళ్ళీ కట్టడం వారాల తరబడి సాగుతుంది. వేడి సాంబారు మీద పడిన పిల్లనీ, దీపావళి మర్నాడు వచ్చే పిల్లల్నీ నువ్వు చూస్తూనే ఉంటావు. సియాటిల్‌లోని హార్బర్‌వ్యూ ఆసుపత్రిలో డేవిడ్ ప్యాటర్సన్ అనే మానసిక శాస్త్రవేత్తను వేధించిన సమస్య ఇదే. మంచం మీద కదలకుండా ఉన్నంతసేపూ మార్ఫిన్ జాతి మందులు నొప్పిని అదుపులో పెడతాయి, గాయం మీద చెయ్యి పడగానే అవి చాలవు. ఆయనా, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలోని హంటర్ హాఫ్‌మన్ కలిసి 1990లలో హెడ్‌సెట్‌తో నొప్పి తగ్గించే పని మొదలుపెట్టారు. కాలిన గాయాలున్న ఇద్దరు కుర్రవాళ్ళకు మామూలు వీడియో గేమ్ ఇచ్చినప్పటికంటే హెడ్‌సెట్ పెట్టినప్పుడు నొప్పి బాగా తగ్గిందని 2000లో ప్రకటించారు. ఆ తర్వాత ‘స్నోవరల్డ్’ తయారుచేశారు. కాలిన పిల్లవాడు మంచు లోయలో తేలిపోతూ మంచుమనుషుల మీదా, పెంగ్విన్‌ల మీదా మంచు ముద్దలు విసురుతాడు. నిప్పును గుర్తు చేసేది అందులో ఏదీ ఉండదు. మన పిల్లలకు మంచే కావాలని లేదు, సముద్రమైనా అడవైనా సరే.

ఇది ఎలా పనిచేస్తుందంటావా? నొప్పి కబురు మెదడుకు వెళ్ళే దారిలో, వెన్నుపాములోనే ఒక తలుపు లాంటిది ఉందని 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. మెదడు కూడా పైనుంచి ఆ తలుపు వెయ్యగలదు. మనసు పెట్టే శక్తికి ఒక హద్దుంది. అందులో ఎక్కువ భాగం ఆటకు పోతే నొప్పికి మిగిలేది తక్కువ. 2004లో హాఫ్‌మన్ బృందం ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ పాదానికి చురుక్కుమనే వేడి తగిలిస్తూ ఎంఆర్ఐలో చూసింది. ఆటలో ఉన్నంతసేపూ నొప్పికి స్పందించే మెదడు భాగాల్లో చురుకు తగ్గింది. కాబట్టి “తక్కువ నొప్పేసింది సిస్టర్” అని పిల్లవాడంటే అది నిన్ను సంతోషపెట్టడానికి అన్న మాట అనుకోకు.

అలాగని గుడ్డిగానూ నమ్మకు. 2020లో కాక్రేన్ అనే సంస్థ చేసిన సమీక్ష 17 పరిశోధనలనూ, వెయ్యిమందికి పైగా పిల్లల వివరాలనూ పరిశీలించి, ఆధారాలు ఇంకా బలహీనంగానే ఉన్నాయని తేల్చింది. నా మటుకు నేను చెప్పేది ఇది: దీనివల్ల హాని తక్కువ, మేలు జరిగే అవకాశం ఎక్కువ. కనుక వాడు. మందుకు బదులుగా మాత్రం ఎప్పుడూ వద్దు. సియాటిల్‌లో కూడా మందులు మానేసి హెడ్‌సెట్ పెట్టలేదు, మందుల మీద అదనంగా పెట్టారు.

ఇక నీ చేతిలో ఉన్న పని. హెడ్‌సెట్‌ను డ్రెస్సింగ్ ట్రేతో పాటు తీసుకెళ్ళకు. ముందుగా, నొప్పి లేని వేళ పిల్లవాడి చేతికిచ్చి ఆడుకోనివ్వు. అలవాటు లేనిది నొప్పి వేళ కళ్ళకు కడితే, ఏం చేస్తున్నారో కనబడక ఇంకా బెదురుతాడు. పెట్టుకోనంటే బలవంతం చెయ్యకు. తను చూస్తూ ఉంటేనే ధైర్యంగా ఉండే పిల్లలుంటారు, అది వాళ్ళ పద్ధతి. ఊరికే చూసే వీడియో కంటే చేత్తో ఆడే ఆట మేలు. పని మొదలవక ముందే ఆటలో పడనివ్వాలి, ట్రే కనబడి ఏడుపు మొదలయ్యాక కాదు. ముఖం కాలిన పిల్లలకూ, మూర్ఛలున్నవాళ్ళకూ, వాంతులవుతున్నవాళ్ళకూ డాక్టర్‌ని అడక్కుండా పెట్టకు. ఒకరికి వాడాక తుడవకుండా మరొకరికి పెట్టడం కాలిన గాయాల వార్డులో ప్రమాదం.

మూడేళ్ళ పిల్లకు అంత బరువు తలకెక్కించే ప్రయత్నమే వద్దు. సూది వెయ్యాల్సి వస్తే తల్లి ఒడిలో కూర్చోబెట్టి వెయ్యి, సబ్బు బుడగలు ఊదించు. సూది గుచ్చేచోట మొద్దుబార్చే క్రీము రాస్తే దాదాపు గంట ముందే రాయాలి. ఇవి చవకైనవి కాబట్టే మనవాళ్ళకు చులకన.

ఇంకొకటి. మన ఇళ్ళలో అన్నం తినకపోతే “డాక్టరమ్మ సూదేస్తుంది” అని బెదిరిస్తారు. ఆ భయం పిల్లలతో పాటే వార్డుకు వస్తుంది. తల్లికి నెమ్మదిగా చెప్పు, అలా అనొద్దని. నువ్వు కూడా “అస్సలు నొప్పుండదు” అనకు. “కొంచెం మంటగా ఉంటుంది, ఆపమంటే ఒక్క నిమిషం ఆపుతాను” అని చెప్పి, అన్న మాట నిలబెట్టుకో. ఒక్కసారి అబద్ధం చెబితే రేపటి కట్టుకు ఏ హెడ్‌సెట్టూ నీకు సాయం రాదు. అయిపోయాక ముఖాల బొమ్మల పట్టీ చూపించి, ఎంత నొప్పేసిందో వేలితో చూపించమను. వాడు చూపించిందే రాయి, నీకు తోచింది కాదు.

పెద్దవాళ్ళు పిల్లల నొప్పిని ఎంత తక్కువగా లెక్కించారో నీకు తెలియాలి. 1980ల దాకా పసికందులకు నొప్పి అంతగా తెలియదనుకుని, సరైన మత్తు లేకుండానే ఆపరేషన్లు చేసేవారు. అది తప్పని 1987లో గట్టిగా రుజువు చేసినవాళ్ళలో కన్వల్‌జీత్ ఆనంద్ అనే భారతీయ వైద్యుడున్నాడు. మన చేతుల్లో పెరిగే పిల్లలకు ఆ రోజులు మళ్ళీ రాకూడదు.

అందుకే నిన్నొకటి అడుగుతున్నాను. మీ ఇన్‌ఛార్జి సిస్టర్‌తో మాట్లాడి, కట్టుకు ఎంత ముందు నొప్పి మందు ఇస్తున్నారో ప్రతి పిల్లవాడి చార్టులో రాసే పద్ధతి పెట్టించు. మందు పడకుండా, పడ్డ మందు పనిచెయ్యకుండా, హెడ్‌సెట్ ఉంది కదా అని ఏ పిల్లకూ కట్టు విప్పనివ్వకు.

మీ
పెద్దమ్మ