తొడ వెనుక కండరాలకు గుంజీళ్ళు చాలవా?

రోజూ గుంజీళ్ళు తీస్తున్నా కబడ్డీలో తొడ వెనుక పట్టేస్తోందేమని కుర్రాళ్ళు అడుగుతుంటారు. గుంజీళ్ళు మంచివే, కానీ ఎక్కువగా తొడ ముందు భాగానికి, పిరుదులకు. వెనుకనున్న హామ్‌స్ట్రింగ్ కండరాలు తుంటిని వెనక్కి చాపుతాయి, మోకాలిని మడుస్తాయి. గుంజీలో కూర్చున్నప్పుడు అవి తుంటి దగ్గర సాగుతాయి, మోకాలి దగ్గర వదులవుతాయి. మొత్తం పొడవు పెద్దగా మారదు కనుక వాటికి పని తక్కువ.

వెన్ను వంచకుండా, తుంటి దగ్గర వంగి బరువు ఎత్తే రొమేనియన్ డెడ్‌లిఫ్ట్‌లో వాటికి మంచి పని ఉంటుంది. అయితే వీటిలో ఒక పొట్టి పాయ తుంటిని దాటదు; మోకాలు మడిస్తేనే దానికి పని. అందుకే లెగ్ కర్ల్ కూడా కావాలి. బోర్లా పడుకుని చేసేదానికంటే కూర్చుని చేసే యంత్రం మేలు.

యంత్రం లేదా? మోకాళ్ళపై నిలబడి, స్నేహితుడు మడమలు పట్టుకోగా మెల్లగా ముందుకు వాలండి. ఈ నార్డిక్ వ్యాయామం ఆటగాళ్ళలో గాయాలు తగ్గించినట్టు రుజువైంది. మొదట్లో అయిదారుసార్లు చాలు; మర్నాడు నొప్పి తెలుస్తుంది! ఇప్పటికే పట్టేసినవారు ముందు ఫిజియోథెరపిస్టుకు చూపించుకోండి.