మిర్చి విత్తనంలో వైరస్: అయస్కాంతం పట్టగలదా?

మిర్చి నారుమళ్లకు వేళయింది. గింజను అయస్కాంత అనునాద యంత్రంలో పెట్టి లోపలి వైరస్‌ను కనిపెట్టవచ్చా అన్న ప్రశ్న రైతుల్లో ఉంది. విత్తనం కొనేముందే దీనికి జవాబు తెలుసుకోవడం మంచిది.

యంత్రం ఏం చెబుతుంది?
ఆస్పత్రిలో ఎమ్మారై స్కాన్ తీసే సూత్రమే ఇది. బలమైన అయస్కాంతం మధ్య గింజను ఉంచి రేడియో తరంగాలు పంపితే అందులోని హైడ్రోజన్ సంకేతమిస్తుంది. నీటి నుంచి వచ్చే సంకేతం వేరు, నూనె నుంచి వచ్చేది వేరు. అందుకే నూనెగింజల్లో తేమ, నూనె శాతాలను గింజ పాడవకుండా కొలవడానికి ఈ పద్ధతి వాడుతున్నారు.

వైరస్ సంగతి వేరు. మిర్చికి సోకే టొబాకో మొజాయిక్ వైరస్ కణం పొడవు 300 నానోమీటర్లు. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే, ఒక భాగంలో మూడో వంతు కూడా ఉండదు. గింజ స్కాన్‌లో అంత చిన్నది కనబడదు. అయితే పరోక్ష మార్గం ఒకటుంది: యాంటీబాడీ (వైరస్‌ను గుర్తుపట్టే ప్రోటీన్) పూసిన అయస్కాంత నానో రేణువులు వైరస్‌ను అంటుకుని గుంపు కడితే చుట్టూ ఉన్న నీటి సంకేతం మారుతుంది. 2003లో అమెరికా శాస్త్రవేత్తలు మనుషులకు సోకే అడినో, హెర్పిస్ వైరస్‌లను ఇలా గుర్తించారు. అక్కడ కూడా వైరస్‌ను పోల్చుకునేది యాంటీబాడీయే.

నమ్మదగిన పరీక్షలు
యాంటీబాడీతో వైరస్‌ను పట్టే ఎలీసా, దాని జన్యుపదార్థాన్ని వెతికే ఆర్‌టీ-పీసీఆర్. మిర్చి, టమాటా విత్తనాల్లో టొబాకో మొజాయిక్ జాతి వైరస్‌ల కోసం విత్తన పరిశ్రమ కనీసం 3,000 గింజల నమూనా తీసుకుంటుంది. నూటికి ఒక గింజకే వైరస్ ఉన్న లాటులో 100 గింజలు మాత్రమే చూస్తే, మూడింట ఒకసారికి పైగా అది దొరకకుండా తప్పించుకుంటుంది.

ఇంటి విత్తనానికి శుద్ధి
- మొజాయిక్ లక్షణాలున్న మొక్కల కాయలను విత్తనానికి ఉంచవద్దు.
- టొబాకో మొజాయిక్ జాతి వైరస్‌లు ఎక్కువగా గింజ పైపొర మీదే ఉంటాయి. లీటరు నీటిలో 150 గ్రాముల ట్రైసోడియం ఆర్థోఫాస్ఫేట్ కలిపి, కిలో విత్తనాన్ని 20 నిమిషాలు నానబెట్టండి. మంచినీటితో బాగా కడిగి నీడన ఆరబెట్టండి. చేతులకు తొడుగులు తప్పనిసరి.
- కంపెనీ శుద్ధి చేసి, రంగు పూసి ఇచ్చిన విత్తనాన్ని మళ్లీ కడగవద్దు.
- పొగాకు, చుట్ట, బీడీ ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కునే నారు పట్టండి.

విత్తనశుద్ధితో ఆగనివి
ఆకుముడత తెచ్చే జెమిని వైరస్‌ను తెల్లదోమ, మొవ్వుకుళ్లు వైరస్‌ను తామర పురుగులు, కుకుంబర్ మొజాయిక్‌ను పేనుబంక మోసుకొస్తాయి. వీటికి నారుమడిపై పురుగు చొరని వల, గట్ల మీద కలుపు తీయడం, తెగులు సోకిన మొక్కలను వెంటనే పీకి నాశనం చేయడమే మార్గం.

'స్కాన్ చేసిన వైరస్ రహిత విత్తనం' అని ఎవరైనా అమ్మజూపితే, ఏ వైరస్‌కు, ఏ పరీక్షతో, ఎన్ని గింజలు చూశారో అడగండి. జవాబు లేకపోతే ఆ మాటకు అదనపు ధర పెట్టవద్దు. బిల్లు, లాటు నంబరున్న ప్యాకెట్టు పంట చేతికొచ్చేదాకా భద్రపరచండి.