డేటాకు హద్దురాళ్లు పాతే పని

నంద్యాల పేరు చెప్పగానే రెండు తెలుగు రాష్ట్రాల నిరుద్యోగులకు ముందు గుర్తొచ్చేది బ్యాంకు కోచింగ్. అదే ఊళ్లో ఇంజినీరింగ్, ఎంసీఏ చదివేవాళ్లూ తక్కువేం లేరు. వాళ్లలో చాలామందికి పైథాన్ వచ్చు, లూపులు వచ్చు, ఫంక్షన్లు వచ్చు. ఇంటర్వ్యూలో మాత్రం ఒక ప్రశ్న దగ్గర ఆగిపోతుంటారు: ‘‘ఈ ఫంక్షన్‌కు బయటినుంచి వచ్చే వివరాలు సరైనవేనని నీకెలా తెలుసు?’’ పేరున్న కాలేజీ ముద్ర లేని విద్యార్థి తన సత్తా చూపించుకోవడానికి ఇంతకంటే మంచి ప్రశ్న దొరకదు. దీనికి జవాబు చెప్పాలంటే కోడు ఎంత రావాలో, ఊరి వ్యవహారాలూ అంతే తెలియాలి.

ఒక ఫారంలో పొలం విస్తీర్ణం 2.20 అని ఉందనుకోండి. ఆళ్లగడ్డ రైతుకు అది రెండెకరాల ఇరవై సెంట్లు. కర్నూలు మీదుగా తుంగభద్ర దాటి మహబూబ్‌నగర్ వైపు వెళితే అదే అంకె రెండెకరాల ఇరవై గుంటలు. ఎకరానికి నూరు సెంట్లు, నలభై గుంటలు. అంటే అక్కడి 2.20 మన లెక్కలో రెండున్నర ఎకరాలు. ముప్పై సెంట్ల తేడా. కంప్యూటర్‌కు మాత్రం రెండూ ఒకే దశాంశ సంఖ్య. పంట రుణం లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ఈ అంకెను అలాగే మింగేస్తే, తప్పు జరిగిందని ఎక్కడా ఎర్ర గీత కనిపించదు.

మంచి ప్రోగ్రామర్ ఇక్కడ దశాంశ సంఖ్యను తీసుకోడు. ‘విస్తీర్ణం’ అని ఒక ఆబ్జెక్ట్ నిర్వచిస్తాడు. అందులో మూడు ఫీల్డులు ఉంటాయి: ఎకరాలు, మిగిలిన భాగం, కొలత. మొదటి రెండూ సున్నాకు తగ్గని పూర్ణాంకాలు. కొలత అంటే సెంట్లో గుంటలో, ఈ రెంటిలో ఒకటే. ఆపైన ఒక నియమం: కొలత సెంట్లయితే భాగం 99 దాటకూడదు, గుంటలైతే 39 దాటకూడదు. తెలంగాణ రికార్డంటూ 2.45 వస్తే ఆ ఆబ్జెక్ట్ తయారే కాదు. ఒకసారి తయారైందంటే లోపలున్న ఏ ఫంక్షనూ దాన్ని మళ్లీ అనుమానించక్కర్లేదు. రకం తెలిసిన ఆబ్జెక్ట్ పారామీటర్‌ను నిర్వచించి సరిచూడటం అంటే ఇదే. పొలానికి హద్దురాళ్లు పాతినట్టు, ఎక్కడిదాకా ఒప్పో అంచుల్లోనే తేల్చేస్తాం.

1999లో నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్‌ను పోగొట్టుకున్నది ఇలాంటి పొరపాటు వల్లే. ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్ల కొలతలో ఇచ్చిన అంకెల్ని ఇంకో సాఫ్ట్‌వేర్ న్యూటన్ల కొలత అనుకుని లెక్కగట్టింది. సంఖ్య వెళ్లింది, దాని కొలత వెంట వెళ్లలేదు.

ఇలాంటి ఉదాహరణలకు నంద్యాల దాటి పోనక్కర్లేదు. పొలం సర్వే నంబరులో 125/2ఏ లాంటివి ఉంటాయి కాబట్టి దాన్ని పూర్ణాంకంగా ప్రకటిస్తే మొదటిరోజే దెబ్బతింటారు. నంద్యాల ఎస్‌టీడీ కోడ్ 08514. దాన్ని అంకెగా మారిస్తే ముందున్న సున్నా పోతుంది. ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లో 11 అక్షరాలు: మొదటి నాలుగు బ్యాంకువి, అయిదోది ఎప్పుడూ సున్నా, చివరి ఆరు బ్రాంచివి. జీఎస్టీ నంబరులో 15 అక్షరాలుంటే మొదటి రెండూ రాష్ట్రాన్ని చెబుతాయి: ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36. బ్యాంకు పరీక్షలకు చదివిన మీ రూమ్మేట్‌కు వీటిలో సగం ఇప్పటికే తెలుసు. ఆ జ్ఞానాన్ని కోడులో నియమంగా రాయగలిగితే అది మీ బలం అవుతుంది. డబ్బు సంగతి మరీ ముఖ్యం. దశాంశాల్లో 0.1కి 0.2 కలిపితే పైథాన్ 0.30000000000000004 చూపిస్తుంది. అందుకే రేజర్‌పే లాంటి చెల్లింపుల ఏపీఐలో అయిదు వందల రూపాయలను 50000 పైసలుగా, పూర్ణాంకంలో పంపాలి.

ఇక సాధనాల సంగతి. పైథాన్‌కు టైప్ హింట్లు 2015లో 3.5 వెర్షన్‌తో, డేటాక్లాసులు 2018లో 3.7తో వచ్చాయి. ఇంటర్వ్యూల్లో ఎక్కువమంది తడబడేది ఇక్కడే. డేటాక్లాసులో వయసు ఎదురుగా ‘ఇంట్’ అని రాసి ‘పాతిక’ అనే మాట పంపితే ఏమవుతుంది? ఏమీ కాదు, ఆబ్జెక్ట్ నిక్షేపంగా తయారవుతుంది. ఆ హింట్ చదివేవాళ్ల కోసం, మైపై లాంటి తనిఖీ సాధనాల కోసం. ప్రోగ్రాం నడుస్తున్నప్పుడు పైథాన్ దాన్ని పట్టించుకోదు. 2012లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన టైప్‌స్క్రిప్ట్‌లోనూ అంతే, జావాస్క్రిప్ట్‌గా మారేసరికి రకాలన్నీ చెరిగిపోతాయి. కాబట్టి నెట్ నుంచి వచ్చే డేటాను నడుస్తున్న సమయంలో సరిచూసే లైబ్రరీ వేరే కావాలి. టైప్‌స్క్రిప్ట్ వాళ్లు జోడ్ వాడతారు, జావా వాళ్లు హైబర్నేట్ వ్యాలిడేటర్, పైథాన్ వాళ్లు పైడాంటిక్. మీరు ఒక్కదాన్ని లోతుగా పట్టుకోండి చాలు. మూడూ పైపైన చూడటం వల్ల ఒరిగేదేం లేదు.

పైడాంటిక్‌నే తీసుకుందాం. 2017లో మొదలైంది, 2023లో వచ్చిన రెండో వెర్షన్‌లో దాని గుండెకాయను రస్ట్ భాషలో తిరగరాశారు. పేరుకు ట్యుటోరియల్ చూసినవాళ్లకూ నిజంగా వాడినవాళ్లకూ తేడా కొన్ని చోట్ల బయటపడుతుంది. పూర్ణాంకం కావాల్సిన చోట ‘20’ అనే స్ట్రింగ్ వస్తే అది మామూలుగా 20గా మార్చుకుని సర్దుకుంటుంది. స్ట్రిక్ట్ మోడ్ పెడితే ఒప్పుకోదు. వెబ్ ఫారం నుంచి అన్నీ స్ట్రింగులే వస్తాయి కాబట్టి అక్కడ సర్దుబాటు అవసరం. రెండు సర్వర్లు మాట్లాడుకునేచోట సర్దుబాటు ప్రమాదం. ఏది ఎక్కడ ఎందుకో చెప్పగలగాలి. ఫీల్డును ‘ఆప్షనల్’ అంటే వదిలేయొచ్చని చాలామంది అనుకుంటారు. రెండో వెర్షన్‌లో డిఫాల్ట్ విలువ ఇవ్వకపోతే ఆ ఫీల్డు తప్పనిసరే, దాని విలువ ‘నన్’ కావచ్చు, అంతవరకే. నిర్వచనంలో లేని ఫీల్డు వస్తే మామూలుగా చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. ఎవరైనా ‘ఫోను’కు స్పెల్లింగ్ తప్పు రాస్తే ఆ వివరం గాల్లో కలిసిపోతుంది. నిషేధించమని చెప్పే సెట్టింగు ఉంది, వాడండి. ఆబ్జెక్ట్ తయారయ్యాక ఫీల్డు విలువ మారిస్తే మళ్లీ సరిచూడదు. డిఫాల్ట్ విలువనూ సరిచూడదు. రెంటికీ విడిగా సెట్టింగులున్నాయి. ఇవన్నీ ఒక సాయంత్రం కూర్చుని మీ చేత్తో తప్పు విలువలు పంపి చూస్తే తెలిసేవే. డాక్యుమెంటేషన్ చదవడమొక్కటే చాలదు.

ప్రాజెక్టు ఏం చేయాలని అడిగేవాళ్లకు నా సలహా: ఇంకో ఈ-కామర్స్ సైట్ వద్దు. నంద్యాల నుంచి నలభయ్యో నంబరు జాతీయ రహదారి పట్టుకుని ఆళ్లగడ్డ వెళ్లండి. అక్కడి రాతి శిల్పానికి పేరుంది, దేవతామూర్తులు చెక్కే శిల్పశాలలున్నాయి. ఒక శిల్పశాలలో ఆర్డరు ఎలా రాసుకుంటారో అడగండి. ‘‘అన్నా, ఎత్తు పీఠంతో కలిపి చెప్తారా, విడిగానా?’’ అని అడిగితే చాలు, మీ మొదటి ఫీల్డు తేలిపోతుంది. ఎత్తు అంటే ఒక అంకె అనుకుని వెళ్లినవాళ్లు విలువ, కొలత, పీఠం కలిపా విడిగానా అనే మూడు ఫీల్డుల ఆబ్జెక్ట్‌తో తిరిగొస్తారు. విదేశాల్లో గుడి కట్టేవాళ్లు సెంటీమీటర్లలో అడగొచ్చు, వాళ్ల ఫోను నంబరు మన పదంకెల నియమంలో ఇమడకపోవచ్చు. రాయి ఏ రకమో ఇష్టమొచ్చినట్టు టైపు చేయనివ్వకుండా ఆ శిల్పశాలలో దొరికే రకాల జాబితా పెట్టాలి. బయానా మొత్తం ధరను మించకూడదు, ఇచ్చే తేదీ ఆర్డరు తేదీకి ముందుండకూడదు. ఈ రెండు నియమాలూ ఒక్క ఫీల్డును చూసి తేల్చలేం, ఆబ్జెక్ట్ మొత్తాన్ని చూసి తేల్చాలి. ఒక ఆర్డరులో మూడు విగ్రహాలుంటే, మూడోదాని ఎత్తు తప్పయితే, ఎర్రర్‌లో ఆ మూడోదాని పేరు, ఆ ఫీల్డు పేరు రావాలి. తప్పులన్నీ ఒక్కసారే చూపించాలి. ఒకటి దిద్దాక ఇంకోటి చూపిస్తుంటే వాడేవాళ్లకు విసుగు పుడుతుంది.

అన్నిటికంటే ముఖ్యం ఎర్రర్ మాట. ‘చెల్లని విలువ’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ‘గుంటలు 0 నుంచి 39 వరకే ఉండాలి, మీరిచ్చింది 45’ అని రాయండి. శిల్పశాల లెక్కలు చూసుకునేవాళ్ల కోసం దాన్ని తెలుగులోనే ఇవ్వండి. కొత్తవాళ్లు పంపిన కోడులో నేను ముందు చూసేది ఈ మాటలనే. అవతలి మనిషి గురించి ఆలోచించి రాశారో లేదో అక్కడే తెలుస్తుంది.

ఈ పని తెలిస్తే ఏ ఉద్యోగాలకు దారి? బ్యాకెండ్ డెవలపర్, ఏపీఐ టెస్టింగ్, డేటా ఇంజినీరింగ్. మూడింటిలోనూ రోజూ ఇదే పని. 2018లో వచ్చిన పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఫాస్ట్ఏపీఐ, డేటాను సరిచూడటానికి పైడాంటిక్ మోడళ్లనే వాడుతుంది. ఇప్పుడు ఏఐ మోడళ్లతో పనిచేయించే ప్రాజెక్టులు వచ్చాక అవసరం ఇంకా పెరిగింది. ఒక ఏఐ మోడల్ మన ఫంక్షన్‌ను పిలవాలంటే ఆ ఫంక్షన్ పారామీటర్లను జేసన్ స్కీమాలో వివరించాలి. మోడల్ పంపిన విలువలు మళ్లీ సరిచూసుకోవాలి, అది ఒక్కోసారి లేని ఫీల్డులు పుట్టిస్తుంది. పైడాంటిక్ మోడల్ రాసి ఉంటే ఆ స్కీమా దాన్నుంచే తయారవుతుంది. టెస్టింగ్ వైపు వెళ్లాలనుకునేవాళ్లూ దీన్ని తక్కువగా చూడొద్దు. ప్రతి నియమానికీ అంచుల దగ్గర పరీక్ష రాయాలి: 39, 40, సున్నా, మైనస్ ఒకటి, ఖాళీ. పైథాన్‌లో ‘ట్రూ’ అనే విలువ కూడా పూర్ణాంకాల కోవలోకే వస్తుంది, దాన్నీ పంపి చూడండి.

ప్రాజెక్టు పూర్తయ్యాక గిట్‌హబ్‌లో పెట్టి వదిలేయొద్దు. విస్తీర్ణం, ఐఎఫ్ఎస్‌సీ, పిన్‌కోడ్ లాంటి రకాలను విడదీసి చిన్న లైబ్రరీగా పైపీఐలో ప్రచురించండి. పక్కవాళ్లు వాడటం మొదలుపెట్టాక అసలు చదువు మొదలవుతుంది. కొత్తగా తప్పనిసరి ఫీల్డు చేర్చినా, ఉన్న నియమాన్ని బిగించినా వాళ్ల పాత కోడు ఆగిపోతుంది. అలాంటి మార్పు చేసినప్పుడు మేజర్ వెర్షన్ నంబరు పెంచాలి, ఏం మారిందో మార్పుల చిట్టాలో రాయాలి. వీలైతే ఒక వెర్షన్ ముందే హెచ్చరిక ఇవ్వాలి. రెజ్యూమెలో ఆ లైబ్రరీ లింకు పక్కన ఒక్క వాక్యం రాయండి: ఏ నియమాన్ని ఎందుకు మార్చారో, వాడేవాళ్ల కోడు ఆగిపోకుండా ఏం చేశారో. బెంగళూరు, హైదరాబాద్ ఇంటర్వ్యూల్లో అవతలివాళ్లు ఆ వాక్యం దగ్గర ఆగి ప్రశ్నలు అడిగితే, ఎంతసేపైనా మాట్లాడటానికి మీ దగ్గర విషయం ఉంటుంది.