దేవుడి మీద ఆశ పెట్టుకోవచ్చా? రామదాసు చెరసాల నుంచి ఒక జవాబు

ఈ వారం వీడియోలో భద్రాచలం వెళ్లాం కదా, అక్కడ సమయం చాలక వదిలేసిన ఒక మాట ఇక్కడ చెప్పుకుందాం.

"ఆశ పెట్టుకోకు" అని మన ఇళ్లలో చిన్నప్పటి నుంచీ వింటాం. ఆశాపాశం అంటారు, అంటే ఆశ మనల్ని కట్టేసే తాడు అని. అందుకే ఇంట్లో ఎవరైనా ఐసీయూలో ఉన్నప్పుడు దేవుణ్ణి అడుగుతాం, వెంటనే "ఇలా అడగొచ్చా, ఇది స్వార్థం కాదా" అని మనమే తగ్గిపోతాం.

మరి రామదాసు సంగతేంటి? ఖమ్మం జిల్లా నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న, పాల్వంచ పరగణాకి తహసీల్దారు. వసూలైన పన్ను సొమ్ముతో రాముడికి గుడి కట్టించాడు, నగలు చేయించాడు. గోల్కొండ సుల్తాను తానీషా చెరసాలలో వేయించాడు. పన్నెండేళ్లని చెప్తారు. చివరికి రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీ పేర్లతో వచ్చి ఆరు లక్షలు కట్టి రసీదు తీసుకున్నారని కథ.

ఇక్కడే మనం ఒక పొరపాటు చేస్తాం. రామోజీ వస్తాడని మనకి ముందే తెలుసు, ఆయనకి తెలీదు. కొరడా దెబ్బలు తింటున్న మనిషికి అది ఏడో ఏడో, ఆఖరి ఏడో ఎవరు చెప్తారు? ఆ తెలియని రోజుల్లో పాడినవే ఈ కీర్తనలంటారు. "ఇక్ష్వాకు కులతిలక" ఒకసారి మొత్తం వినండి. ఎవరికి ఏ నగ చేయించాడో, దానికెంత ఖర్చయిందో లెక్క చెప్తాడు, ఎవరబ్బ సొమ్మని దులిపేస్తాడు. మళ్లీ చివర్లో, దెబ్బలకి తాళలేక తిట్టాను, మనసులో పెట్టుకోకు అంటాడు. ఆశ చచ్చిపోయినవాడు ఇలా తిట్టడండీ, మౌనంగా ఉండిపోతాడు. వింటాడన్న నమ్మకం ఉంటేనే కదా ఎవరితోనైనా పోట్లాడేది!

ఇంకో విషయం. సికింద్రాబాద్ నుంచి భద్రాచలం రోడ్ రైలెక్కితే డోర్నకల్ జంక్షన్ దగ్గర లైను మారుతుంది. అదే డోర్నకల్‌కి 1912లో వి.ఎస్. అజరయ్య బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. అక్కడ ఆయన కట్టించిన పెద్ద చర్చిలో మన గుళ్ల తరహా స్తంభాలు, మసీదు తరహా గుమ్మటాలు కనిపిస్తాయి. క్రైస్తవుల సాధనలో విశ్వాసం, ప్రేమలతో పాటు దేవుడి మీద పెట్టుకునే ఆశకీ పెద్ద పీటే. ఆ మూడింటినీ కలిపి చెప్పిన పౌలు కూడా జైలుకెళ్లినవాడే. ఆశకి తెలుగు బైబిల్లో వాడిన మాట ఏంటో తెలుసా? నిరీక్షణ! అంటే ఎదురుచూపు. కళ్లముందు ఉన్నదాని కోసం ఎవరూ ఎదురుచూడరు కదా అన్నది పౌలు వాదన.

నాకు ఆ మాట వినగానే శబరి గుర్తొచ్చింది. మతంగ మహర్షి "రాముడు వస్తాడు" అన్నాడు, ఏ రోజో చెప్పలేదు. ఆవిడ ఆశ్రమం విడిచి వెళ్లలేదు. భద్రాచలం దిగువన కూనవరం దగ్గర గోదావరిలో కలిసే నదికి ఆవిడ పేరే ఉంది.

పెద్దలు వద్దన్న ఆశ "నాకిది కావాలి, ఫలానా తేదీకల్లా కావాలి" అనేది. శబరిది ఒక మనిషి రాక కోసం ఎదురుచూపు. రామదాసులో మాత్రం రెండూ ఉన్నాయి, దాచుకోలేదు కూడా. విడుదల కావాలన్నాడు, తొందరగా కావాలన్నాడు. రాముడు పలకట్లేదని "నను బ్రోవమని చెప్పవే" అంటూ సీతమ్మకి అర్జీ పెట్టుకున్నాడు. ఇంట్లో నాన్న వినకపోతే మనం అమ్మ దగ్గరికి వెళ్లమూ, అచ్చం అలాగే.

గోల్కొండ కోటకి వెళ్తే రామదాసు బందిఖానా తప్పకుండా చూడండి. గోడ మీద సీతారామలక్ష్మణులు, హనుమంతుడి బొమ్మలుంటాయి, ఆయనే చెక్కాడని అంటారు. రోజూ ఎవరితో పోట్లాడుతున్నాడో, వాళ్లనే ఎదురుగా పెట్టుకున్నాడన్నమాట.