ఆవం దిగిన కుండ: తిరిగి వచ్చే నీరు

వేసవి రాగానే గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు బజార్లలో రోడ్డు పక్కన కుండలు బారులు తీరుతాయి. కొనేవారు ఊరికే కొనరు. కుండను ఒక చేత్తో ఎత్తి పట్టుకుని వేలి కణుపుతో కొట్టి చూస్తారు. ఖంగున మోగితే మంచిది. బోలుగా పలికితే పక్కన పెట్టేస్తారు. కుండలో కంటికి కనిపించని పగులు ఉంటే కంపనాలు అక్కడే శక్తిని పోగొట్టుకుంటాయి. అందువల్ల మోత వెంటనే ఆగిపోతుంది. ఇది మీ ధ్వని పాఠంలోని సంగతే. కాని ఈ పరీక్ష కుండ ఇప్పుడు ఎలా ఉన్నదో చెబుతుందే తప్ప, ఇకమీదట దాని బతుకు ఎలా ఉండబోతుందో చెప్పదు.

కుమ్మరి సారె గురించి, ఆవం గురించి మీరు చదివే ఉంటారు. పాఠాలు సాధారణంగా ఆవం దగ్గరే ఆగిపోతాయి. కుండ కథ అక్కడ ఆగదు. నిప్పు మట్టిలోని నీటిని వెళ్లగొడుతుంది. ఆవం దిగిన క్షణం నుంచి ఆ నీరు తిరిగి లోపలికి రావాలని చూస్తూనే ఉంటుంది. కుండకు తరువాత జరిగే మంచీ చెడూ చాలావరకు ఈ ఒక్క సంగతిలోనే ఉన్నాయి.

మట్టిలో నీరు రెండు విధాలుగా ఉంటుంది. మొదటిది రేణువుల మధ్య ఉండే తడి. ఇది ఎండకే పోతుంది. ఎండిన పచ్చికుండలో నీళ్లు పోస్తే అది కరిగి మళ్లీ బురద అవుతుంది. రెండవది మట్టి రేణువుల అణునిర్మాణంలోనే కలిసి ఉండే నీరు. బంకమట్టిలో ఉండే కేవోలినైటు అనే ఖనిజాన్ని శుద్ధంగా తీసుకుంటే, దాని బరువులో దాదాపు 14 శాతం ఈ నీరే. ఇది సుమారు 450 నుంచి 600 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య వేడికి గాని విడిపోదు. ఒకసారి విడిపోయి రేణువులు అంచుల దగ్గర అతుక్కున్నాక కుండను ఎంత నానబెట్టినా బురద కాదు. నీరు వెళ్లిపోయిన చోట, పీచూ పేడా కాలిపోయిన చోట సన్నని రంధ్రాలు మాత్రం మిగిలిపోతాయి.

ఈ రంధ్రాలెన్నో మీరే కొలవవచ్చు. ఒక కుండపెంకును, ఒక జాడీ పెంకును బాగా ఎండబెట్టి తూచండి. ఒక రోజంతా నీటిలో నానబెట్టి, పైతడి తుడిచి మళ్లీ తూచండి. కుండపెంకు 100 గ్రాములకు పది పదిహేను గ్రాముల నీరు తాగడం మామూలే. జాడీ పెంకు దాదాపు ఏమీ తాగదు. దీనికి కారణం తరువాత చూద్దాం.

తిరిగి వచ్చే నీరు మొట్టమొదట పట్టుకునేది కుండలోని సున్నాన్ని. పత్తి పండే మన నల్లరేగడిలో తెల్లని సుద్దగడ్డలు దొరుకుతాయి కదా! అవి కాల్షియం కార్బనేటు. కుమ్మరి మట్టిలో అటువంటి పలుకు ఒకటి కందిగింజంత మిగిలిపోయిందనుకోండి. ఆవం వేడి 800 డిగ్రీలు దాటితే అది కాల్షియం ఆక్సైడుగా, అనగా కాల్చిన సున్నంగా మారుతుంది. కుండ ఆవం నుంచి చక్కగా దిగుతుంది, ఖంగున మోగుతుంది కూడా. వారం పది రోజులకు గాలిలోని తేమ ఆ పలుకును చేరుతుంది. కాల్చిన సున్నం నీటితో కలిసి కాల్షియం హైడ్రాక్సైడుగా మారేటప్పుడు దాని ఘనపరిమాణం దాదాపు రెట్టింపవుతుంది. గోడలో దానికి చోటెక్కడిది? పైపొరను టప్పున ఊడగొట్టుకుని బయటికి వస్తుంది. కొత్త కుండ మీద రూపాయి బిళ్లంత పెచ్చు ఊడి, గుంట నడుమ తెల్లని చుక్క కనిపిస్తే అది ఈ సున్నం పనే. ఇటుకలు కాల్చేవారికి కూడా ఈ బాధ ఉంది. అందుకే కొన్నిచోట్ల ఆవం దిగిన వెంటనే ఇటుకలను నీటిలో ముంచి తీస్తారు. అప్పుడు సున్నం పెచ్చు లేపకుండా మెత్తని ముద్దయి రంధ్రాల్లోకి సర్దుకుంటుంది.

రేగడి నేలలో పుట్టి పెరిగిన మనకు ఇంకొక ప్రశ్న రావాలి. ఇంత నల్లమట్టి కాళ్ల కిందే ఉండగా కుమ్మరి చెరువు మట్టి కోసం ఎందుకు వెళతాడు? సుద్దగడ్డలు ఒక కారణం మాత్రమే. ఏప్రిల్‌లో మీ చేలో పడే నెర్రెలను చూడండి, చెయ్యి దూరిపోతుంది. నల్లరేగడిలోని ఖనిజం తడికి ఉబ్బి, ఎండకు విపరీతంగా కుంచించుకుపోతుంది. అటువంటి మట్టితో చేసిన కుండ ఆవం దాకా కూడా రాదు, నీడలోనే నెర్రెలిస్తుంది. కుమ్మరి చెరువు మట్టికి ఇసుక కలిపేది కూడా ఈ కుంచించుకుపోవడాన్ని తగ్గించడానికే.

ఇప్పుడు మంచినీళ్ల కుండకు వద్దాం. గోడలోంచి నీరు చెమర్చి పైన ఆవిరవుతుంది. ఒక గ్రాము నీరు 30 డిగ్రీల దగ్గర ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల ఉష్ణం కావాలి. అది లోపలి నీటి నుంచే వస్తుందనుకుంటే, 5 లీటర్ల నీటిలో 50 గ్రాములు ఆవిరైతే 29,000 కేలరీలు పోతాయి. మిగిలిన నీరు దాదాపు 6 డిగ్రీలు చల్లబడాలి. నిజానికి బయటి గాలి నుంచి కొంత వేడి లోపలికి వస్తూనే ఉంటుంది కనుక అంత జరగదు.

గాలిలో తేమ ఎంత ఉందన్నదే అసలు సంగతి. పల్నాటి రెంటచింతల ఎండలకు పేరుపడ్డ ఊరు. అక్కడ ఒక మధ్యాహ్నం 42 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్నాయనుకుందాం. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు సుమారు 24 డిగ్రీలు చూపుతుంది. సముద్రం పక్కనున్న బాపట్లలో అదే సమయానికి 36 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్నాయనుకుంటే, అది 31 డిగ్రీలకు మించి దిగదు. కుండ ఈ హద్దును దాటి నీటిని చల్లబరచలేదు. కనుక ఎండ ఎక్కువ ఉన్న ఊళ్లోనే కుండనీరు ఎక్కువ చల్లన. వినడానికి వింతగా ఉన్నా ఇది ఉన్న మాటే. బాపట్లలో బంధువుల ఇంట్లో కుండనీళ్లు చల్లగా లేకపోతే కుండను తిట్టకండి.

అయితే ఒకే ఊళ్లో, ఒకే ఇంట్లో కూడా నిరుడు కొన్న కుండ ఈ ఏడు అంత చల్లగా ఉండదు. అమ్మమ్మలు "కుండ పాతబడింది" అంటారు. పాతబడటం అంటే ఏమిటి? ఆవిరయ్యేది నీరు మాత్రమే, అందులో కరిగిన లవణాలు ఆవిరి కావు. లీటరుకు ఒక గ్రాము లవణాలున్న బోరు నీరు మన మెట్ట ఊళ్లలో అరుదు కాదు. రోజుకు అర లీటరు చెమర్చి పోతే అర గ్రాము లవణం గోడ దగ్గర మిగులుతుంది. 90 రోజుల వేసవిలో అది 45 గ్రాములు. అందులో కొంత తిరిగి లోపలి నీటిలోకి పోయినా, మిగిలినది రంధ్రాల్లో పేరుకుని వాటిని మూసివేస్తుంది. కుండ మీద పూసే తెల్లని బూడిద ఇదే. దాని మీద నిమ్మరసం ఒక చుక్క వేసి చూడండి. బుసబుసమని పొంగితే అందులో కార్బనేటు ఉందన్నమాట. కొబ్బరి పీచుతో రుద్ది కడిగితే కుండకు పోయిన చలువ కొంత తిరిగి వస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. కుండలో పోసిన నీరు శుద్ధి అవుతుందని కొందరు నమ్ముతారు. కనిగిరి ప్రాంతపు భూగర్భజలంలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీరు ఏళ్ల తరబడి తాగేవారి పళ్లకూ ఎముకలకూ చేటు. కుండ నీటిని చల్లబరుస్తుంది, అంతే. ఫ్లోరైడు ఆవిరైపోదు. నీరు తగ్గిన కొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు కాస్త పెరుగుతుంది కూడా. ఫ్లోరైడును తీయడానికి పటిక, సున్నం వాడే నల్లగొండ పద్ధతి వంటివి వేరే ఉన్నాయి.

లవణం ముదిరితే ఏమవుతుందో చూడాలంటే ఉప్పుకుండను చూడండి. చినగంజాం కొఠార్ల ఉప్పు పోసి ఉంచిన పాత మట్టికుండ బయటివైపు పొరలు పొరలుగా రాలిపోతుంది. వానాకాలంలో ఉప్పు తేమను పీల్చి, ఉప్పునీరుగా గోడలోకి ఇంకుతుంది. పొడిరోజుల్లో అక్కడే గట్టిపడి స్ఫటికాలవుతుంది. పెరిగే స్ఫటికం రంధ్రపు గోడలను నెడుతుంది. ఇలా కొన్ని ఏళ్లు గడిస్తే కాలిన మట్టి కూడా పొడిపొడి అవుతుంది.

అందుకే ఆవకాయను కుండలో పెట్టరు, జాడీలో పెడతారు. జాడీని సుమారు 1,200 డిగ్రీల వేడిలో కాలుస్తారు. ఆ వేడికి మట్టిలో కొంత భాగం కరిగి గాజై రంధ్రాలను నింపివేస్తుంది, పైన గాజుపూత కూడా ఉంటుంది. ఉప్పు, కారం, నూనె, మామిడి పులుపు ఇన్నీ కలిసినా లోపలికి దారి దొరకదు. తక్కువ వేడిలో కాల్చి, మెరుపు కోసం సీసం కలిపిన పూత వేసిన అలంకార పాత్రల సంగతి వేరు. చింతపండు పులుసుకు, నిమ్మరసానికి ఆ సీసం కరిగి తిండిలోకి వస్తుంది. అవి బల్లమీద బొమ్మలుగా ఉండవలసినవే.

ఇక మిగిలింది అన్నిటికన్నా నెమ్మదిగా జరిగే పని. నిప్పు విడదీసిన నీరు, అణునిర్మాణంలోని నీరు, గాలి తేమ నుంచి కొద్దికొద్దిగా తిరిగి చేరుతుంది. పెంకు అణుమాత్రం బరువెక్కుతుంది, అణుమాత్రం ఉబ్బుతుంది. పూత వేసిన పాత కప్పుల మీద, గోడపలకల మీద ఏళ్ల తరువాత వెంట్రుకల వంటి గీతలు పుట్టడానికి ఇది ఒక ముఖ్య కారణం. లోపలి మట్టి ఉబ్బుతుంది, పైగాజు సాగలేదు. 2009లో ఇంగ్లండులోని మాంచెస్టరు, స్కాట్లండులోని ఎడింబరో శాస్త్రజ్ఞులు ఈ బరువు కాలానికి నాలుగవ మూలంగా పెరుగుతుందని ప్రకటించారు. ఒక రోజులో పెరిగిన బరువు రెట్టింపు కావడానికి 16 రోజులు, పది రెట్లు కావడానికి 10,000 రోజులు, అంటే 27 ఏళ్లు పడుతుందన్నమాట! అలాగైతే పెంకును తూచి దాని వయసు చెప్పవచ్చు. ఈ పద్ధతి అన్ని రకాల మట్టికీ సరిగా పనిచేస్తుందని ఇంకా తేలలేదు.

ఎక్కువగా వాడుకలో ఉన్న పద్ధతి ఉష్ణదీప్తి. మట్టిలోని ఇసుకరేణువులు చుట్టూ ఉన్న యురేనియం, థోరియం, పొటాషియంల రేడియోధార్మికత వల్ల శక్తిని నిలవచేసుకుంటాయి. ఆవం వేడి ఆ నిలువను సున్నా చేస్తుంది. ఆవం దిగగానే లెక్క మళ్లీ మొదలు. ప్రయోగశాలలో పెంకు పొడిని 500 డిగ్రీల దాకా వేడిచేస్తే, నిలవ ఉన్న శక్తి సన్నని వెలుగుగా బయటపడుతుంది. వెలుగును బట్టి వయసును నూటికి అయిదు పది పాళ్ల తేడాతో చెబుతారు.

మన ప్రాంతంలో పెంకులకు కొదువ లేదు. అమరావతి పక్కనున్న ధరణికోటలో 1962-64 మధ్య జరిగిన తవ్వకాల్లో లోపలివైపు చుక్కల వలయాలున్న సన్నని బూడిదరంగు పాత్రల పెంకులు దొరికాయి. ఇటువంటివి పుదుచ్చేరి దగ్గర అరికమేడులో కూడా దొరికాయి. 1945లో అక్కడ తవ్విన వీలర్ వాటిని రోము నుంచి వచ్చిన సరుకు అనుకున్నారు. తరువాత మట్టిలోని ఖనిజాలను పరీక్షిస్తే అది భారతదేశపు మట్టేనని తేలింది. రెండు వేల ఏళ్ల కిందట ఆ పాత్రలు బాలిద్వీపం దాకా ప్రయాణించాయి. చినగంజాం దగ్గర మోటుపల్లిలో కథ తిరగబడింది. కాకతీయ గణపతిదేవుడు 1244లో సముద్ర వర్తకులకు అభయశాసనం వేయించిన రేవు అది. అక్కడ దొరికిన పెంకుల్లో చైనా పింగాణీ ఉంది. రంధ్రాలు లేని ఆ పెంకులు ఉప్పుగాలిలో, ఇసుకలో కూడా మెరుపు పోగొట్టుకోలేదు.

పాత ఊళ్లున్న పాటిదిబ్బల మట్టి చేలకు బలమని బండ్ల మీద, ట్రాక్టర్ల మీద తోలడం మనవాళ్లకు పాత అలవాటు. ఆ మట్టితో పాటే పెంకులు మిరపచేలల్లోకి వస్తాయి. అక్కడ దొరికిన పెంకును చూసి రకం గుర్తుపట్టవచ్చు, కాని ఉష్ణదీప్తితో వయసు చెప్పడం చాలా కష్టం. ఎందుకంటే పెంకు పొందిన రేడియోధార్మికతలో కొంత భాగం దాని చుట్టూ ఉన్న మట్టి నుంచి వచ్చినదే. ఏ మట్టిలో, ఎంత లోతున, ఎంత తడిలో పడి ఉన్నదో తెలియకపోతే లెక్క కుదరదు. తవ్వేవారు పెంకును ఎండ తగలకుండా సంచిలో వేస్తారు, దాని పక్కనే ఉన్న మట్టిని ఇంకొక సంచిలో నింపి తేమ పోకుండా మూతి బిగిస్తారు. రెండు సంచులూ కలిసే ప్రయోగశాలకు వెళతాయి.